మురుగు వెంట మూడేళ్లు: మా రోబో పడవ ఎలా పనిచేసింది

విశాఖ తీరంలో మేము ఈ చిన్న పడవ నడపబట్టి మూడేళ్లయింది. కరెంటు మోటార్లు, జీపీఎస్, అడుగున ఉప్పదనం, ఉష్ణోగ్రత, బురద కొలిచే సెన్సార్లు. పని ఒకటే, కాలువ నుంచి సముద్రంలో పడ్డ మురుగు ఎటు పోతోందో చూడటం.

ఇదివరకు ఫైబర్ బోటు మాట్లాడుకుని సీసాల్లో నీళ్లు పట్టేవాళ్లం. పది సీసాలు నిండేసరికి పోటు మారిపోయేది, మొదటి సీసాకీ చివరిదానికీ పొంతనే ఉండేది కాదు. ఇప్పుడు పడవ అటూ ఇటూ కొలుచుకుంటూ తిరిగొచ్చేసరికి మురుగు అంచు మ్యాపు మీద గీత గీసినట్టు కనిపిస్తుంది. ఆ గీత పిల్లలు స్నానాలు చేసే చోటుకి వచ్చిందని మొదటిసారి చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

సెన్సార్ మీద మాత్రం పిసినారితనం వద్దు. మురుగు దాదాపు ఉప్పులేని నీరు, అది కలిస్తే సముద్రం ఉప్పదనం తగ్గుతుంది, దాన్నిబట్టే మురుగుని పట్టుకుంటాం. సముద్రం ఉప్పదనం 34 (అంటే కిలో నీటిలో 34 గ్రాముల ఉప్పు) ఉందనుకోండి, నూరు పాళ్లలో ఒక పాలు మురుగు కలిస్తే తగ్గేది 0.34 మాత్రమే, నాసిరకం సెన్సార్‌కి అది అందదు. పైగా అక్టోబరు, నవంబరుల్లో ప్రవాహం దక్షిణానికి తిరిగి, గంగా బ్రహ్మపుత్రల వరదనీటిని తీరం వెంట మోసుకొస్తుంది, అప్పుడు సముద్రమే పలచబడుతుంది. మొదటి ఏడాది ఎండాకాలం లెక్కే ఉంచేసి ఎటు చూసినా మురుగే అనుకున్నాం. ఇప్పుడు బయలుదేరిన ప్రతిసారీ ముందు కాలువకి దూరంగా, శుభ్రమైన చోట కొలిచి ఆ అంకెతో పోల్చుకుంటాం.

అసలు లోటు లోతు. ఒడ్డున కలిసే మురుగు తేలిక కాబట్టి పైన తేలుతుంది, మా పడవకి దొరుకుతుంది. అదే గొట్టం వేసి లోతులో వదిలితే నీటి పొరల మధ్యే చిక్కుకుపోవచ్చు, పైన పడవ ఎంత తిరిగినా ఏమీ తెలియదు. 2010లో మెక్సికో సింధుశాఖలో చమురు బావి పేలినప్పుడు సుమారు 1,100 మీటర్ల లోతున 35 కిలోమీటర్లకు పైగా పొడవైన చమురు మేఘాన్ని వెంబడించి కొలిచింది నీళ్లలో మునిగి తిరిగే రోబోనే. మేము వించ్ (తాడు చుట్టి దించే యంత్రం) పెట్టించి సెన్సార్‌ని పదిహేను మీటర్లు దించుతున్నాం, ఒక్కో చోట ఆగాలి కాబట్టి సగం దూరమే తిరగగలుగుతున్నాం. బ్యాక్టీరియా సంగతి ఇది చెప్పదు, దానికి ఇప్పటికీ సీసాలే.

కెరటాలు రేగితే బుడగలు కూడా బురదలా నమోదవుతాయి. వారం నీళ్లలో ఉంచితే సెన్సార్ అద్దానికి నాచు, ఆ తర్వాత గుల్లలు పడతాయి, తుడిచే బ్రష్ లేనిది కొనకండి. ఒకసారి పడవ పంకా జాలర్ల వలలో చిక్కి వల తెగింది, డబ్బు కట్టాం గానీ వాళ్ల ఆ రోజు వేట పోయింది. అప్పటినుంచి ముందురోజు సాయంత్రమే వాళ్ల సరంగుకి (పడవ నడిపే పెద్దకి) ఫోన్ చేసి, వలలు లేవంటేనే పడవ దింపుతున్నాం.