రెండేళ్ల గ్యారంటీ అద్దె చూసి మొదటి ఫ్లాట్ కొనేవాళ్లకు జాగ్రత్త

పెట్టుబడి కోసం మొదటిసారి ఫ్లాట్ కొనాలనుకునేవాళ్లు, అందులోనూ ఉచిత సెమినార్‌కి వెళ్లొచ్చి ఇంకా ఆ ఊపులోనే ఉన్నవాళ్లు, బుకింగ్ డబ్బు కట్టకముందే ఇది చదవండి. కంపెనీ పేరు రాయడం లేదు. పేరు తెలిస్తే ఆ ఒక్కదాన్నే తప్పించుకుంటారు. ఇదే పద్ధతిలో అమ్మేవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు.

మొదలైంది రెండు గంటల ఉచిత సెమినార్‌తో. వేదిక మీదున్నాయన 72 సూత్రం చెప్పాడు. ఏటా పెరిగే శాతంతో 72ని భాగిస్తే డబ్బు సుమారుగా ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో తెలుస్తుంది. 12 శాతమైతే ఆరేళ్లు. సూత్రం తప్పేమీ కాదు. కానీ ఆ 12 శాతం ఎక్కణ్నుంచి వచ్చిందని హాల్లో ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు, నోట్సులో రాసుకుని కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను. చివర్లో మూడు రోజుల వర్క్‌షాప్ గురించి చెప్పారు, ఇవాళే కడితే సగం ఫీజు అన్నారు. వర్క్‌షాప్ మూడో రోజున పర్సనల్ మెంటార్, దానికి ఇంకా పెద్ద ఫీజు. మెంటార్ దాకా వెళ్లాక, 'మా స్టూడెంట్లకు మాత్రమే' అంటూ ఒక ఫ్లాట్ చూపించారు. రెండేళ్లపాటు ఏటా ధరలో 8 శాతం అద్దె గ్యారంటీ, అద్దెకున్నవాళ్లు ఉన్నా లేకపోయినా.

"సార్, మీ ఈఎమ్ఐ ఆ అద్దే కట్టేస్తుంది. మీరు సంతకం పెట్టేసి మర్చిపోండి" అన్నాడు మెంటార్. మర్చిపోయే వీలు మాత్రం ఇప్పటిదాకా దొరకలేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఒకటే అడిగింది: "అంత మంచి అద్దె వచ్చేదైతే వాళ్లే ఉంచుకోవచ్చుగా, మనకెందుకు అమ్ముతున్నారు?" మూడు రోజుల వర్క్‌షాప్ చేసొచ్చినవాణ్ని కదా, నీకు లెవరేజ్ గురించి, అంటే అప్పుతో కొని లాభం పెంచుకోవడం గురించి తెలియదులే అని విసుక్కున్నాను. ఆ ప్రశ్నకు జవాబు నాకు దొరకడానికి రెండేళ్లు పట్టింది.

లెక్క చెబుతాను, ఇది కొంచెం ఓపిగ్గా చదవండి. అసలు మోసమంతా ఇక్కడే ఉంది.

ఫ్లాట్ ధర 100 అనుకోండి, కింద చెప్పే అంకెలన్నీ దాన్నిబట్టే. నా చేతి నుంచి 25 పెట్టాను, 75 లోను. వడ్డీ 9 శాతం, 20 ఏళ్లు. ఏడాదికి ఈఎమ్ఐలన్నీ కలిపితే 8.1. గ్యారంటీ అద్దె 8. చూశారా ఎంత అందంగా అతికిందో? నా లోనుకు సరిగ్గా సరిపోయేలా ఆ 8 శాతాన్ని ఎవరో వెనక్కి లెక్కేసుకుని పెట్టారని నాకు అప్పుడు తట్టలేదు. ఇల్లు బాగుందనడానికి అది సాక్ష్యం అనుకున్నాను.

గ్యారంటీ అయిపోయిన నెలే అసలు అద్దె ఎంతో తెలిసింది. ఏడాదికి 4.2. అంటే వాళ్లిచ్చినదాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ. ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉందనుకుంటే 3.85. అద్దె వసూలు చేసి, ఇల్లు చూసుకునే మనిషికి పది శాతం పోతే ఇంకో 0.38 తగ్గింది. మెయింటెనెన్స్ 0.5, పన్ను, బీమా కలిపి 0.2, రిపేర్లకు 0.4. చివరికి నాకు మిగిలేది 2.4కి కూడా కాస్త తక్కువే. కట్టాల్సింది 8.1. తేడా 5.7 ప్రతి ఏడాదీ నా జీతంలోంచే వెళుతోంది. గ్యారంటీ ఉన్న రెండేళ్లూ మెయింటెనెన్స్, రిపేర్లు వాళ్లే భరించారు. అందుకే ఈ ఖర్చులున్నాయన్న సంగతే నా కంట పడలేదు.

సరే, అమ్మేద్దామని బయటికి వెళ్లాను. అదే కాంప్లెక్సులో, అదే సైజు, ఒక ఫ్లోర్ తేడాతో రీసేల్ ఫ్లాట్లు 83కి పెట్టి ఉన్నాయి. వాటికీ కొనేవాళ్లు లేరు. అప్పుడు అర్థమైంది. 83 ఉండే ఇంటిని నాకు 100కి అమ్మారు. ఆ పైనున్న 17లోంచి రెండేళ్లలో 16 నాకే 'అద్దె' పేరుతో తిరిగిచ్చారు. అద్దెకున్నాయన దగ్గర వసూలైంది వాళ్లకు మిగిలింది. నా జేబులోంచి తీసి నా చేతిలోనే పెడుతుంటే నెలనెలా థాంక్స్ చెబుతూ మెసేజ్‌లు పెట్టింది నేనే.

ఇక లెవరేజ్ సంగతి. అప్పుతో కొంటే లాభం పెద్దదవుతుందని వర్క్‌షాప్‌లో చెప్పారు. నష్టం కూడా అంతే పెద్దదవుతుంది, దానికి స్లైడ్ లేదు. రెండేళ్లలో అసలు తీరింది 3 మాత్రమే, మొదటేళ్లలో ఈఎమ్ఐలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. ఇంకా 72 బాకీ. 83కి అమ్మి, బ్రోకర్‌కీ కాగితాల ఖర్చులకూ 2 పోతే చేతికి 81. అప్పు తీరిస్తే మిగిలేది 9. నేను పెట్టింది 25, పైన రిజిస్ట్రేషన్ ఖర్చులు వేరే. ఇంటి విలువలో తేడా 17 శాతమే, నా సొమ్ములో పోయింది మూడింట రెండొంతుల దాకా. అందుకే ఇంకా అమ్మలేదు. ఉంచుకుంటే ఒక బాధ, అమ్మితే ఇంకో బాధ.

బ్యాంకు విలువ కట్టించి ఉంటుంది కదా, మరి లోను ఎలా ఇచ్చింది అని అడుగుతారు. నేనూ అదే ధైర్యంతో ఉన్నాను. విలువ కట్టినాయన్ని పంపింది బిల్డర్ చెప్పిన లోన్ ఏజెంటే. ఆయన పోల్చి చూసింది అదే బిల్డర్ అదే గ్యారంటీతో అమ్మిన పక్క ఫ్లాట్లతో. 100కి అమ్మిన పది ఫ్లాట్లను చూపిస్తే పదకొండోది కూడా 100 అనే తేలుతుంది. పైగా బ్యాంకుకు కావాల్సింది తన 75 తిరిగి రావడం, నా 25 సంగతి దానికి అనవసరం. లాయర్ కూడా వాళ్లిచ్చినాయనే, 'ఫ్రీ' అన్నారు. టైటిల్, అంటే యాజమాన్య హక్కు, బాగానే ఉంది, ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. కానీ గ్యారంటీ రాసిచ్చింది బిల్డర్ కాదని, వేరే పేరుతో పెట్టిన ఒక చిన్న కంపెనీ అని, దాని పేరిట ఆస్తులేవీ లేవని ఆయన చెప్పలేదు. నేను అడగలేదు కాబట్టి చెప్పాల్సిన పనీ పడలేదు. నా విషయంలో రెండేళ్లూ డబ్బు వచ్చింది. నా తర్వాతి బ్యాచ్‌లో ఒకాయనకు పద్నాలుగో నెలలోనే ఆగిపోయింది. కాగితం పట్టుకుని వెళితే ఆ అడ్రసులో ఆఫీసే లేదట.

మెంటార్ ఫీజు తిరిగివ్వమని అడిగాను. కొంత ఇస్తామన్నారు, ఒక కాగితం మీద సంతకం పెడితే. మా గురించి ఎక్కడా రాయకూడదు, ఎవరికీ ఫిర్యాదు చేయకూడదు అని అందులో ఉంది. ఇది ప్రపంచంలో మొదటిసారేమీ కాదని వెతికితే తెలిసింది. 2019లో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (వ్యాపార మోసాలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ), యూటా రాష్ట్ర వినియోగదారుల విభాగం కలిసి ఒక రియల్ ఎస్టేట్ కోచింగ్ కంపెనీని కోర్టుకు లాగాయి. ఆ ఫిర్యాదులో ఉన్నవి చదువుతుంటే నా డైరీ చదువుతున్నట్టే ఉంది: ముందు ఉచిత సెమినార్, తర్వాత మూడు రోజుల వర్క్‌షాప్, ఆ తర్వాత ఇంకా ఖరీదైన కోచింగ్. వర్క్‌షాప్‌లో జనం చేత క్రెడిట్ కార్డుల లిమిట్ పెంచించేవారట, ఇళ్లు కొనడానికి పనికొస్తుందని చెప్పి. చివరికి ఆ లిమిట్ వాళ్ల కోచింగ్ ఫీజుకే పనికొచ్చేది. రీఫండ్ అడిగినవాళ్ల చేత నోరు మూయించే కాగితాల మీద సంతకాలు పెట్టించుకునేవారని కూడా అందులో ఉంది. మా వర్క్‌షాప్‌లో రెండో రోజు లంచ్ టైమ్‌లో మా చేతా లిమిట్ పెంచమని ఫోన్లు చేయించారు. 'హోమ్‌వర్క్' అన్నారు.

ఇప్పుడు మీరేం చేయాలో చెబుతాను. ఇవన్నీ నేను కొన్నాక నేర్చుకున్నవే, అది గుర్తుపెట్టుకుని చదవండి.

అన్నిటికంటే ముందు, అద్దెకు ఇల్లు వెతుక్కునేవాడిలా ఆ కాంప్లెక్సుకే ఫోన్ చేయండి. రెండు బెడ్‌రూముల ఇల్లు ఎంతకిస్తారని ఇద్దరు ముగ్గురు ఓనర్లను అడగండి. పది నిమిషాల పని. నేను ఈ ఒక్కటి చేసి ఉంటే మిగతా ఏదీ జరిగేది కాదు. తర్వాత అక్కడే రీసేల్‌లో ఉన్న ఫ్లాట్ ధర కనుక్కోండి. కొత్తదానికీ దానికీ తేడా ఎంతుందో, గ్యారంటీ కింద మొత్తం ఎంత ఇస్తామంటున్నారో పక్కపక్కన రాసి చూడండి. రెండు అంకెలూ దగ్గరగా ఉంటే ఆ అద్దె ఎవరి జేబులోంచి వస్తుందో అక్కడే కనబడుతుంది. ఇంకా స్పష్టంగా తేల్చుకోవాలంటే, "నాకు గ్యారంటీ వద్దు, ఆ మేరకు ధర తగ్గించండి" అని అడగండి. నిజంగా అంత అద్దె వచ్చే ఇల్లయితే గ్యారంటీ వాళ్లకు ఖర్చే కాదు కాబట్టి తగ్గించరు. మా మెంటార్‌ని ఈ మాట అడిగిన ఒక తెలివైనావిడకు మర్నాడే 14 తగ్గిస్తామని ఫోన్ వచ్చిందట. ఆవిడ కొనలేదు.

గ్యారంటీ ఇచ్చేది ఎవరు, వాళ్ల దగ్గర ఏముంది అన్నది మీ లాయర్ చేత చూపించండి. మీరు ఫీజు ఇచ్చే లాయర్ అయి ఉండాలి. అలాగే సలహా ఇచ్చే మనిషిని, ఈ ఫ్లాట్ అమ్ముడైతే మీకేమైనా వస్తుందా అని మొహం మీదే అడిగి, జవాబు ఈమెయిల్‌లో రాయించుకోండి. మా మెంటార్‌కి రెండు వైపులా ముట్టింది, నా దగ్గర ఫీజు, బిల్డర్ దగ్గర కమీషన్.

కోర్సులన్నీ దండగ అనడం లేదు. వర్క్‌షాప్‌లో నేర్పిన ఈఎమ్ఐ లెక్కతోనే ఇవాళ పైనున్నదంతా వేశాను. కాకపోతే ఫీజులో పదో వంతు పెట్టి ఒక మంచి అకౌంటెంట్ దగ్గర గంట కూర్చుంటే ఆ లెక్క నా ఫ్లాట్‌కే వేసి చూపించేవాడు.

ఇప్పటికే బుకింగ్ కట్టేసి ఉంటే కంగారుపడి మిగతాది కట్టేయకండి. అగ్రిమెంట్‌లో రద్దు చేసుకునే గడువు ఎన్ని రోజులుందో ఇవాళే చూడండి, ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా తెలియజేయండి. బుకింగ్ డబ్బు పోతుందని టెన్షన్ పడి ముందుకెళ్లినవాళ్లలో నేనొకణ్ని, ఆ పోయేది 2 మాత్రమే.

రీఫండ్ కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. అది ఇంకా నా టేబుల్ మీదే ఉంది.