ట్రైల్ జీను: ఏళ్ల తరబడి వాడాక చెబుతున్న మాట

కొండదారుల్లో, అడవి బాటల్లో చాలాకాలంగా ఒకే జీను వాడుతున్నాను. వెస్టర్న్ (అమెరికా కౌబాయ్) తరహాలో తేలికపాటిది, సీటు 16 అంగుళాలు, బరువు 9 కిలోల దాకా ఉంటుంది, కింది అంచులు తోలు కాదు, కార్డ్యూరా గుడ్డ. పశువులను తాడుతో పట్టేవాళ్లు వాడే బరువైన రోపింగ్ జీనులు 15 కిలోలు దాటతాయి కాబట్టి రోజంతా తిరిగేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు, మోసేది గుర్రమే కదా.

సీటు మెత్తగా ఉందా లేదా అన్నది నా లెక్కలో చివరి విషయం. చాలామంది షాపులో స్టాండ్ మీద కూర్చుని చూసి తేల్చేస్తారు. కానీ గుర్రం వీపు నొప్పి పుడితే అది అడుగులు పొట్టిగా వేస్తుంది, పొట్ట కింది పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి వాల్చి కొరకబోతుంది, దిగుడులో తల విదిలిస్తుంది, ఆ కుదుపంతా వచ్చి మన నడుముకే తగులుతుంది.

అందుకే తీసుకునే ముందు ప్యాడ్ వేయకుండా ఉత్త వీపు మీద పెట్టి చూశాను. జీను లోపలి చట్రాన్ని ట్రీ అంటారు, దాని ముందు భాగం భుజం ఎముకకు వెనక కూర్చోవాలి, ఎందుకంటే గుర్రం ముందుకాలు చాచిన ప్రతిసారీ ఆ ఎముక పైభాగం వెనక్కి జరుగుతుంది, అక్కడ చట్రం అడ్డుపడితే ఎత్తు ఎక్కడం దానికి నరకమే. మూపుకీ (మెడ, వీపు కలిసే చోటి ఎత్తు) జీనుకీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. చేయి కిందికి దూర్చి వెనకదాకా జరిపితే ఒత్తిడి ఒకేలా తెలియాలి. మధ్యలో ఖాళీ ఉండి రెండు చివరలే ఆనుతుంటే (బ్రిడ్జింగ్ అంటారు) ఎంత అందమైన జీనైనా వదిలేయండి. బరువు చివరి పక్కటెముక దాటి వెనక్కి పోకూడదు. మా గుర్రానిది వెడల్పు వీపు, మూపు పెద్దగా లేదు, కాబట్టి ట్రీలో వీపుకు రెండు పక్కలా ఆనే పలకలు, అంటే బార్లు, ఇరుకైన సెమీ క్వార్టర్ హార్స్ రకానివి నొక్కేశాయి, వెడల్పైన ఫుల్ రకానివి సరిపోయాయి. ఈ పేర్లకు అందరు తయారీదారులకూ ఒకే కొలత లేదు, పేరు నమ్మి కొనకండి.

ఇరుకు జీను కింద మందమైన ప్యాడ్ వేస్తే, బిగుతు బూట్లలో మందం సాక్సులు వేసినట్టే, ఇంకా నొక్కుతుంది.

స్వారీ అయ్యాక జీను దించి చెమట మరక చూడటం నాకు అలవాటు. చుట్టూ తడిసి ఒకచోట పొడిగా ఉంటే అక్కడ ఒత్తిడి ఎక్కువైందేమో, లేదా అసలు ఆనడం లేదేమో చూడాలి. జీను ఒత్తిన చోట తెల్ల వెంట్రుకలు వస్తాయి, ఇన్నేళ్లలో దీని కింద అవి మొలవలేదు, నాకు అదే పెద్ద సంతోషం.

ఇక లోపాలు. రికాబులకు పైనుండే తోలు పలకలు కొత్తలో బిర్రుగా ఉండి మోకాళ్లు లోపలికి మెలిపడేవి, ఎక్కువసేపు కూర్చుంటే బాగా నొప్పి. వాటిని తడిపి మెలితిప్పి కట్టి ఉంచాక, పాదం ఆనే చోటు వెడల్పుగా ఉన్న రికాబులు మార్చాక హాయి అనిపించింది. ఎత్తు ఎక్కేటప్పుడు జీను వెనక్కి జారకుండా రొమ్ము పట్టీ, నిటారు దిగుడులో ముందుకు రాకుండా తోక పట్టీ తప్పనిసరి, మూపు తక్కువున్న గుర్రాలకు మరీనూ. సీటు ఫోమ్ అణిగిపోయింది, మార్పించుకున్నాను. కార్డ్యూరా మాత్రం వానలో తడిసినా ఇబ్బంది పెట్టలేదు.

గుర్రం బరువు పెరిగినా తగ్గినా, వయసు పైబడినా వీపు ఆకారం మారుతుంది. అందుకే ఉత్త వీపు మీద పెట్టి చూసే పని సీజన్ మారినప్పుడల్లా మళ్లీ చేస్తుంటాను.