వండూర్‌లో బస: జాలీ బాయ్ చూడాలనుకుంటే పోర్ట్ బ్లెయిర్‌లో కాదు, జెట్టీ దగ్గరే దిగండి

అండమాన్ వెళ్దామని హైదరాబాద్‌లో ఏ ట్రావెల్స్‌ని అడిగినా మాకు ఒకటే ప్యాకేజీ చెప్పారు. పోర్ట్ బ్లెయిర్‌లో హోటల్, సెల్యులార్ జైలు, హావ్‌లాక్, నీల్ దీవులు, తిరిగి విమానం. మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్ సంగతి అడిగితే "టైముంటే చూద్దాం మేడమ్" అనేవారు. నాకు కావాల్సిందే ఆ పార్కు. అందుకే పార్కుకి పడవలు బయల్దేరే వండూర్‌లో, జెట్టీకి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక చిన్న లాడ్జి పట్టుకున్నాం. ఈ ప్రయాణంలో మేం చేసిన మంచి పని ఏదైనా ఉందంటే అదే.

బుకింగ్ ఫోన్‌లోనే అయిపోయింది. ఎత్తినావిడ శ్రీకాకుళం వైపు ఆవిడ (అండమాన్‌లో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, భాష గురించి టెన్షన్ అక్కర్లేదు). అప్పటికే ఒక ట్రావెల్స్ వాళ్లు వేసిచ్చిన ప్లాన్ చదివి వినిపించాను. ఆ పార్కులోని జాలీ బాయ్ ద్వీపాన్ని సోమవారం పెట్టారు. "ఏటమ్మా, సోమవారం పార్కు మూసుంటాది కదా, ఎవరేసిచ్చారు మీకు?" అంది వెంటనే. ఆవిడ చెప్పకపోతే పిల్లల్ని వేసుకుని జెట్టీ దాకా వెళ్లి వెనక్కి వచ్చేవాళ్లం. అలాగే ద్వీపాలు కూడా వంతులవారీగా తెరుస్తారని ఆవిడే చెప్పింది: నవంబర్ నుంచి మే మధ్య వరకు జాలీ బాయ్, వానాకాలంలో రెడ్ స్కిన్. అటవీ శాఖ పర్మిట్ ముందే తీసుకోవాలి, రోజుకి ఇంతమందినే అని పరిమితి ఉంటుంది. మా ఆధార్ కాపీలు తెప్పించుకుని పర్మిట్ పని లాడ్జి వాళ్లే చూసుకున్నారు, దానికి పైన ఒక్క రూపాయి అడగలేదు.

పోర్ట్ బ్లెయిర్ నుంచి వండూర్ 30 కిలోమీటర్లకి కాస్త తక్కువ. (2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు, మేం మాట్లాడిన డ్రైవర్లంతా మాత్రం పాత పేరే అంటున్నారు.) దూరం పెద్దది కాదు గానీ పడవలు పొద్దున్నే వెళ్లిపోతాయి, ఊళ్లో దిగినవాళ్లు చీకట్లో లేచి టాక్సీలో నిద్రమొహాలతో వస్తున్నారు. మేం ఇడ్లీ తిని నడుచుకుంటూ వెళ్లాం.

జెట్టీ దగ్గర తనిఖీ గట్టిగా ఉంటుంది. గార్డు మా సంచి మొత్తం విప్పించి, బిస్కెట్ ప్యాకెట్లు, చిప్స్ కవర్లు, నీళ్ల సీసా ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టాడు. ద్వీపం మీదకి ప్లాస్టిక్ వెళ్లకూడదు. లాడ్జి ఆవిడ ముందే స్టీలు డబ్బాలో పులిహోర, స్టీలు సీసాల్లో నీళ్లు సర్ది ఇచ్చింది కాబట్టి మాకు ఇబ్బంది లేదు. అక్కడ కొట్లు లేవు, తిండి దొరకదు, రాత్రి ఉండనివ్వరు. నాకైతే ఈ కట్టుబాటు చాలా నచ్చింది, ఆ నీళ్లు అలా ఉన్నాయంటే దీనివల్లే.

పడవ మడ అడవుల మధ్య నుంచి వెళ్తుంది, ద్వీపం దగ్గర అడుగున అద్దం ఉన్న చిన్న పడవలోకి మనల్ని మారుస్తారు. స్నార్కెలింగ్‌కి (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీళ్లలో మొహం పెట్టి చూడటం) డబ్బులు విడిగా కట్టండి, అద్దంలోంచి చూసి సరిపెట్టుకోవద్దు. చిలక ముక్కులాంటి మూతి ఉన్న చేప ఒకటి పగడాన్ని కొరుకుతుంటే ఆ కటకట శబ్దం నీళ్లలో చెవికి వినిపించింది. ఆ చేపలు మింగిన పగడమే పొడై బయటికొచ్చి తెల్ల ఇసుకలో కలుస్తుందట, గైడ్ చూపించాడు. కొన్నిచోట్ల పగడాలు బూడిద రంగులో చచ్చి ఉన్నాయి. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడి దెబ్బతిన్నాయి, అది చూస్తే నిజంగా బాధేసింది. దయచేసి వాటిమీద నిలబడకండి, ముక్క కూడా తేకండి. వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

ఇక లాడ్జి. గదులు శుభ్రం, దోమతెరలు ఉన్నాయి, దుప్పట్లకి మాత్రం తేమ వాసన. సిగ్నల్ వరండాలో వస్తుంది, గదిలో పడిపోతుంది. యూపీఐ రెండు పూటలు మొరాయించింది, నగదు తీసుకెళ్లండి. వంజరం పులుసు అద్భుతం, చింతపండు సరిగ్గా పడింది. శాకాహారులకి మాత్రం బంగాళాదుంప, పప్పు తప్ప పెద్దగా ఏమీ లేదు, కూరగాయలు చాలావరకు ఓడలో రావాలి కాబట్టి ధర కూడా ఎక్కువే. శీతాకాలంలో సాయంత్రం ఐదుకే సూర్యుడు దిగిపోతాడు, ఐదున్నరకి చీకటి. ఆ తర్వాత చేయడానికి ఏమీ ఉండదు, తెలుసుకుని వెళ్లండి.

వండూర్ బీచ్ దగ్గరే ఉంది, నెట్ కట్టిన చోటే దిగాలి. ఉప్పునీటి మొసళ్ల హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టలేదు, 2010లో హావ్‌లాక్‌లో ఒక విదేశీ పర్యాటకురాలిని మొసలి చంపేసింది. మా అబ్బాయి సాయంత్రం నెట్ దాటి వెళ్తానంటే లాడ్జి కుర్రాడు పరిగెత్తుకొచ్చి ఆపాడు. ఇలాంటి మనుషులున్నారనే ఈ చోటుకి ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను, ఆ అర తేమ దుప్పట్లకి కోసేశాను.

స్విమ్మింగ్ పూల్, రాత్రి సందడి కావాలంటే హావ్‌లాక్ రిసార్టులు చూసుకోండి. పార్కు కోసమే వెళ్తుంటే ఫోన్ చేసినప్పుడు మూడు సంగతులు అడగండి: మీ తేదీల్లో ఏ ద్వీపం తెరిచి ఉంటుంది, పర్మిట్ ఎవరు తీస్తారు, గాలి వల్ల పడవ ఆగితే మర్నాడు పంపిస్తారా. మా లాడ్జి వాళ్లు మూడోదానికి కూడా "పంపిస్తాం, అందుకే ఒకరోజు ఖాళీ ఉంచుకోండి" అన్నారు, మేం ఉంచుకున్నాం.