యూ-23 కిట్, అయిదేళ్ళ తర్వాత: టవర్ ఊడాక తెలిసిన కథ

రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ జలాంతర్గామి యూ-23కి 1/72 స్కేల్ బొమ్మ కిట్ కట్టి అయిదేళ్ళయింది. పార్టులెన్ని, రంగులేవి అన్నవి డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. నా బాధంతా ఒక్క కానింగ్ టవర్, అంటే డెక్ మీద నిలబడి ఉండే బుర్జు గురించే. కంపెనీ పేరు ఎందుకులెండి.

కొత్తలో దీన్ని ఆకాశానికెత్తేశాను. హల్ (పడవ ఒళ్ళు) రెండు చెక్కలూ కలిపితే వెంట్రుక దూరే సందు లేదని, పుట్టీ డబ్బా మూత కూడా తీయలేదని ఫొటోలతో సహా స్నేహితులకి పంపాను. హల్ వరకు ఇప్పటికీ అదే మాట. కానీ టవర్‌ని డెక్ మీద పట్టి ఉంచేవి రెండే రెండు బుల్లి మొలలు. షెల్ఫులో కదలకుండా ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి బయటపడలేదు.

పోయినేడు విశాఖ నుంచి హైదరాబాద్‌కి ఇల్లు మారాం. సామాన్లు సర్దే కుర్రాడికి "బాబూ, దీన్ని నిలబెట్టే ఉంచు" అని రెండుసార్లు చెప్పాను. నిలబెడితే అట్టపెట్టె మూత పడలేదట. పక్కకి పడుకోబెట్టి, సందుల్లో పాత బనీన్లు కుక్కాడు. ఇక్కడికొచ్చి విప్పితే టవర్ ఓ మూల, పెరిస్కోప్ ఓ మూల, ఎడమ ప్రొపెల్లర్ అసలు లేనే లేదు. ఆ రాత్రే ఫెవిక్విక్ పెట్టి అంటించాను. మర్నాడు దుమ్ము తుడుస్తుంటే మళ్ళీ చేతిలోకి వచ్చింది. పైగా జిగురు ఆవిరికి డెక్ మీద తెల్లటి మరక పడింది.

విసుగొచ్చి అటక మీద పడేసి, అసలు పడవ సంగతేమిటా అని చదవడం మొదలుపెట్టాను. కిట్‌తో వచ్చిన పుస్తకంలో అర పేజీ కెప్టెన్ ఓటో క్రెచ్‌మర్‌దే. తప్పేం లేదు, 1940 జనవరిలో ఆర్క్‌నీ దీవుల దగ్గర డాన్‌మార్క్ అనే ట్యాంకర్‌ని, ఫిబ్రవరి 18న బ్రిటిష్ డిస్ట్రాయర్ డేరింగ్‌ని ఆయన ముంచింది దీంతోనే. ముందువైపు టార్పిడోలు వదిలే మూడు ట్యూబులు, మొత్తం అయిదే టార్పిడోలు. ఈ రకం పడవలకి జర్మన్ నావికులు పెట్టిన ముద్దుపేరు ఐన్‌బౌమ్, అంటే ఒకే మాను తొలిచి చేసిన దోనె. కొల్లేట్లో తాటిదోనె ఎక్కినవాళ్ళకి అందులోని వెటకారం ఇట్టే అర్థమవుతుంది. పొడవు 42.7 మీటర్లు. మన ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామిలో సగం కూడా లేదు.

ఆ తర్వాత పుస్తకంలో ఒకే ఒక్క ముక్క: 'అనంతరం నల్ల సముద్రంలో పనిచేసింది.' ఎలా వెళ్ళింది నాయనా అక్కడికి? మాంత్రో ఒప్పందం (1936) ప్రకారం, నల్ల సముద్రంలోకి సముద్రపు దారి అయిన తుర్కియే జలసంధుల్లోంచి యుద్ధంలో ఉన్న దేశాల యుద్ధనౌకలు పోకూడదు. అందుకని ఇలాంటి ఆరు పడవల్ని జర్మనీలోని కీల్ రేవులో విప్పేశారు. టవర్ తీసేశారు, ఇంజన్లు, మోటార్లు, బ్యాటరీలు బయటికి లాగేశారు. మిగిలిన హల్‌ని పక్కకి పడుకోబెట్టారు! వంతెనల కింద పట్టాలిగా. పాంటూన్లకి (నీటి మీద తేలే తెప్పల్లాంటివి) కట్టి ఎల్బ్ నది మీద డ్రెస్డెన్ దాకా, అక్కడ రైలు వ్యాగన్లను మోసే భారీ ట్రెయిలర్ల మీదికెక్కించి ఆటోబాన్ అనే జర్మన్ హైవేపై ఇంగోల్‌స్టాట్ దాకా, మళ్ళీ డాన్యూబ్‌లోకి దించి రుమేనియాలోని గలాట్స్ దాకా. అక్కడ బిగించి కాన్‌స్టాన్సా రేవుకి చేర్చారు. మొదటి మూడూ 1942లో, మన యూ-23 1943లో పనిలోకి దిగాయి.

చదువుతూ చదువుతూ లేచి వెళ్ళి అటక మీంచి డబ్బా దించాను. టవర్ లేని హల్, పక్కకి ఒరిగి, బనీన్ల మధ్య. ఆ కుర్రాడు తెలియక చేసినా సరిగ్గానే చేశాడు.

దీని చివరి రోజులు ఇంకా విచిత్రం. 1944 ఆగస్టు 23న రుమేనియా జర్మనీని వదిలి జట్టు మారింది. సెప్టెంబర్ 1న యూ-23 తను నిన్నటిదాకా కట్టేసుకున్న కాన్‌స్టాన్సా రేవు మీదికే టార్పిడోలు వదిలింది. 10న తుర్కియే తీరం దగ్గర సిబ్బందే దాన్ని ముంచేసి ఒడ్డెక్కితే, తుర్కియే వాళ్ళు నిర్బంధంలో పెట్టారు. అంత దూరం నేల మీద మోసుకొచ్చినా ఆ జలసంధులు దాటే దారి మాత్రం చివరికీ దొరకలేదు.

నేనిక టవర్ అంటించలేదు. బొమ్మ లారీల చక్రాలు పీకి ట్రెయిలర్ ఒకటి చేసి, హల్‌ని దాని మీద పడుకోబెట్టాను. ఇంటికొచ్చిన చుట్టాలు "అయ్యో, పడిపోయిందండీ" అంటూ నిలబెట్టబోతారు.

కొనొచ్చా అంటే, సొంతిల్లుండి, పిల్లల చేతికి అందని గాజు బీరువా ఉంటే కొనండి. అద్దె ఇళ్ళు మారేవాళ్ళయితే ముందే మొలలు కోసేసి మిల్లీమీటర్ ఇత్తడి తీగ దింపి టవర్ కట్టుకోండి, నాలాగా నమ్మి ఊరుకోకండి. మళ్ళీ నేను కొంటానా అంటే చెప్పలేను. ఎడమ ప్రొపెల్లర్ మాత్రం ఎక్కడైనా విడిగా దొరికితే కావాలి.