పార్సిల్ అందలేదంటే: డబ్బు వెనక్కివ్వాలా, మళ్లీ పంపాలా, ఆగమనాలా?

ఇన్‌స్టాలో, వాట్సాప్‌లో చీరలో పచ్చళ్లో అమ్మేవాళ్లకు ఈ మెసేజ్ కొత్తేమీ కాదు: “అక్కా, పార్సిల్ ఇంకా రాలేదు.” అప్పుడు చేయగలిగినవి మూడే. డబ్బు తిరిగివ్వడం, సరుకు మళ్లీ పంపడం, కొరియర్ సంగతి తేలేదాకా ఆగమనడం. చాలామంది ఎదుటి మనిషి గొంతును బట్టి వీటిలో ఒకటి ఎంచుకుంటారు. గట్టిగా అరిచినవాళ్లకు డబ్బు, మెత్తగా అడిగినవాళ్లకు “చూస్తామండి”. నిజానికి చూడాల్సింది ట్రాకింగ్ ఏమంటోంది, మన చేతిలో ఏ రుజువుంది అన్నవే.

ముందు డబ్బు లెక్క

1,400 రూపాయలకు అమ్మిన చీర అనుకుందాం. మీకు పడ్డ అసలు ధర 900, కొరియర్ 90. పార్సిల్ నిజంగానే పోయింది. డబ్బు వెనక్కిస్తే చేతికి వచ్చింది సున్నా, పోయింది 990. మళ్లీ పంపితే రెండు చీరలకు, రెండు కొరియర్లకు 1,980 ఖర్చు, వచ్చింది 1,400. నష్టం 580. అంటే మళ్లీ పంపడమే 410 రూపాయలు చవక, పైగా కొనుగోలుదారు చేజారరు. మార్జిన్ ఎంత ఎక్కువుంటే ఈ తేడా అంత పెరుగుతుంది. పచ్చళ్లు, కృత్రిమ నగలు అమ్మేవాళ్లు ‘మళ్లీ పంపడం’ వైపు మొగ్గేది అందుకే. పది శాతం మార్జిన్ మీద ఫోన్లు అమ్మేవాళ్లకు ఈ తేడా పెద్దగా మిగలదు.

అయితే ఈ లెక్క మొదటి పార్సిల్ పోయిందన్న నమ్మకం మీద నిలబడింది. అది ఏ హబ్‌లోనో ఇరుక్కుని పది రోజులకు ఇంటికి చేరితే అవతలివాళ్ల దగ్గర రెండు చీరలుంటాయి. అదే డబ్బిచ్చేసి కొరియర్‌తో ఆర్టీవో (పార్సిల్‌ను పంపినవాళ్లకే తిప్పి పంపడం) పెట్టించుకుంటే సరుకు తిరిగొస్తుంది, నష్టం రానుపోను ఛార్జీలతో పోతుంది. ఒకే ఒక్క పీసున్న చేనేత చీరైతే ఈ చర్చే లేదు, మళ్లీ పంపడానికి ఇంకోటి ఉండదు.

ట్రాకింగ్‌ను బట్టి ఏది మేలు?

లేబుల్ తయారైంది, పికప్ స్కాన్ పడలేదు అని ఉంటే తప్పు పూర్తిగా మీ వైపుదే. సరుకు మీ బీరువాలోనో, పికప్ బాయ్ బ్యాగులోనో ఉంటుంది. ఆగమనడానికి మీకు హక్కు లేదు. అదే రోజు పంపండి, లేకపోతే డబ్బివ్వండి.

దారిలో ఉండి నాలుగైదు రోజులుగా కొత్త స్కాన్ లేకపోతే ఆగడమే మేలు, కానీ తేదీ చెప్పి ఆగాలి. “త్వరలో వస్తుంది” అంటే ఎవరికీ ఊరట ఉండదు. “కొరియర్ దగ్గర ఈరోజు ఫిర్యాదు పెట్టాను, నంబరు ఇది. శుక్రవారం సాయంత్రానికి స్కాన్ పడకపోతే మళ్లీ పంపుతాను, లేదా డబ్బిస్తాను, మీ ఇష్టం” అని రాయండి. అలా రాస్తే రోజుకు మూడు మెసేజ్‌లు తగ్గుతాయి.

ఎన్‌డీఆర్ పడితే, అంటే ‘కస్టమర్ అందుబాటులో లేరు’, ‘అడ్రస్ దొరకలేదు’ అని వస్తే, గంటలో కదలాలి. సగం సమస్య ఇక్కడే తీరిపోతుంది. డెలివరీ బాయ్ అసలు వెళ్లకుండానే ఆ రిమార్కు కొట్టడం కొత్త కాదు. కొనుగోలుదారును కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ అడగండి. ఆ రోజు ఏ కాలూ రాకపోతే దాన్ని జతచేసి రీ-అటెంప్ట్, అంటే మళ్లీ డెలివరీకి వెళ్లమనే అభ్యర్థన, పెట్టండి. ల్యాండ్‌మార్క్, రెండో ఫోన్ నంబరు కూడా ఇవ్వండి. చాలా కొరియర్లు మూడుసార్లు చూసి తిప్పి పంపేస్తాయి. ఈ దశలో డబ్బివ్వడం తొందరపాటు, కొత్త పార్సిల్ పంపడం ఇంకా తొందరపాటు. అడ్రసులో లోపముంటే రెండోదీ అదే గోతిలో పడుతుంది.

‘డెలివర్డ్’ అని ఉండి రాలేదంటే

కష్టమంతా ఇక్కడే. ముందు ఇంట్లో మిగతావాళ్లను, వాచ్‌మన్‌ను, పక్క ఫ్లాటును, కింద కిరాణా కొట్టును అడిగి చూడమనండి. అపార్ట్‌మెంట్లలో సెక్యూరిటీ గదిలో పడి ఉండటం తరచూ జరిగేదే. “తీసుకుని తీసుకోలేదంటున్నారా?” అనే ధ్వని రానివ్వకండి. నిజంగా రానివాళ్లకు ఆ మాట తగిలితే ఇక డబ్బిచ్చినా రివ్యూ చెడ్డదే.

అదే సమయంలో కొరియర్‌ను పీవోడీ (డెలివరీ రుజువు) అడగండి: సంతకం, ఫొటో, వీలైతే డెలివరీ కొట్టిన చోటి జీపీఎస్. సంతకం ఒక్క గీతే ఉంటే అది రుజువు కాదు. ఫొటోలో తలుపు, గుమ్మం కనిపిస్తే దాన్ని కొనుగోలుదారుకు పంపి “ఇది మీ ఇల్లేనా?” అని అడగండి. తప్పు ఇల్లయితే అక్కడే తేలిపోతుంది. హబ్‌లో తూచిన బరువు మీరు ప్యాక్ చేసిన బరువుతో సరిపోతోందా చూడండి. 650 గ్రాములు పంపినది 180 గ్రాములుగా నమోదైతే సరుకు దారిలోనే తీసేసి ఉండవచ్చు. వాల్యూమెట్రిక్ బరువుతో పొరబడకండి, అది డబ్బా కొలతలను బట్టి కట్టేది. డెడ్ వెయిట్‌నే, అంటే కాటా మీద తూచిన అసలు బరువునే పోల్చాలి.

కొనుగోలుదారు నుంచి రెండు వాక్యాల రాతపూర్వక మెసేజ్ తీసుకోండి: ఫలానా నంబరు పార్సిల్ నాకు గానీ మా ఇంట్లో వాళ్లకు గానీ అందలేదు, తేదీ ఇది. కొరియర్ క్లెయిముకు ఇది కావాలి. అబద్ధం చెప్పేవాళ్లు చాలామంది దీని దగ్గర ఆగిపోతారు కూడా.

రుజువు ఓటీపీ అయితే ఆగి వాదించవచ్చు, గెలిచే అవకాశం ఎక్కువ. గీత సంతకం మాత్రమే ఉండి సరుకు 1,500 లోపుదైతే మూడు పనిదినాలు చూసి మళ్లీ పంపడం మేలని మా లెక్క. ఆ మొత్తానికి పోట్లాడే సమయం ఖరీదే ఎక్కువవుతుంది. అదే ఫోన్ నంబరు, అదే పిన్‌కోడ్ నుంచి ఇదే ఫిర్యాదు రెండోసారి వస్తే మాత్రం పంపకండి. అందుకే ఒక షీటులో ఆర్డర్, నంబరు, పిన్‌కోడ్, ఫలితం రాసి ఉంచుకోవాలి.

“కొరియర్‌కు ఇచ్చాక మా బాధ్యత లేదు” చెల్లుతుందా?

చాలా పేజీల బయోలో ఉండే ఈ వాక్యానికి కొంత ఆధారముంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, పంపమని ఒప్పుకున్న సరుకును రవాణాదారుకు అప్పగిస్తే పైకి చూడటానికి కొన్నవాడికి అప్పగించినట్టే. కానీ అదే సెక్షన్‌లో మెలిక ఉంది. సరుకు స్వభావానికి తగిన రవాణా ఏర్పాటు అమ్మేవాడు చేయాలి. చేయకపోతే అది అప్పగింతే కాదని కొన్నవాడు అనవచ్చు. ఎనిమిది వేల పట్టుచీరను ఇన్సూరెన్స్, ఓటీపీ లేకుండా పంపితే ఆ మెలిక మీ మెడకే. పైగా 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఆన్‌లైన్ అమ్మకపు వేదికల మీద అమ్మేవాళ్లు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలో పరిష్కరించాలని ఉంది. చెప్పిన గడువు దాటి సరుకొస్తే డబ్బు తిరిగివ్వనని అనకూడదనీ ఉంది. కాబట్టి లిస్టింగ్‌లో ‘3 రోజుల్లో’ అని ఆశ పెట్టకండి, ‘5 నుంచి 9 రోజులు’ అని రాయండి.

కార్డుతో కట్టారా, యూపీఐతోనా?

వీసా కార్డుతో కట్టినవాళ్లు ‘సరుకు అందలేదు’ అని 13.1 కోడ్ కింద ఛార్జ్‌బ్యాక్ (బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడగడం) పెట్టవచ్చు, మామూలుగా 120 రోజుల లోపు. అప్పుడు మీ పేమెంట్ గేట్‌వే అడిగేది ఇన్వాయిస్, ట్రాకింగ్, పీవోడీ, ఆర్డర్‌లోని అడ్రస్. చాటింగ్‌లో ‘అన్నయ్య ఇంటికి పంపండి’ అంటే మార్చి పంపారనుకోండి, రికార్డులో అడ్రస్ వేరుగా కనిపిస్తుంది, మీరు ఓడతారు. ఛార్జ్‌బ్యాక్ పడ్డాక జాలిపడి యూపీఐలో విడిగా డబ్బు పంపకండి, రెండుసార్లు పోతుంది.

వ్యక్తిగత యూపీఐకి వచ్చిన డబ్బును వెనక్కి లాగే దారి అంత సులువుగా లేదు. కానీ విసిగిపోయినవాళ్లు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేసి మోసమని చెబితే మీ ఖాతాలో ఆ సొమ్ము మీద హోల్డ్ పడవచ్చు. మెసేజ్ చూసి జవాబివ్వకుండా వదిలేసినవాళ్లకే ఎక్కువగా ఈ తిప్పలు. డబ్బిచ్చేటప్పుడు వచ్చిన ఖాతాకే తిప్పండి, “మా తమ్ముడి నంబరుకు వేయండి” అంటే వద్దు.

స్పీడ్ పోస్టా, ప్రైవేటు కొరియరా?

పల్లెలకు స్పీడ్ పోస్టే మేలు. మండల కేంద్రం దాటని కొరియర్లు “వచ్చి తీసుకెళ్లండి” అంటాయి, పోస్ట్‌మన్ మాత్రం ఊళ్లోకి వెళ్తాడు. 2025 అక్టోబర్ 1 నుంచి స్పీడ్ పోస్ట్‌కు ఓటీపీ డెలివరీ 5 రూపాయలు, పైన జీఎస్టీ ఇస్తే దొరుకుతోంది. ఇంత చవకైన రుజువు ఇంకోటి లేదు. పోయినప్పుడు పరిహారం మాత్రం నామమాత్రం. కట్టిన ఛార్జీకి రెట్టింపు, లేదా 1,000, ఏది తక్కువైతే అది. 80 రూపాయలకు పంపిన పట్టుచీరకు 160 వస్తుంది. కనుక ఖరీదైన సరుకుకు ఇన్సూరెన్స్ విడిగా చేయించాలి.

కొరియర్లు పికప్‌కు ఇంటికొస్తాయి, నగరాల్లో వేగం, కానీ రసీదు వెనక బాధ్యతకు పరిమితి రాసి ఉంటుంది. సంతకం పెట్టాక ఆ పరిమితి చెల్లుతుందని 1996లో భారతి నిట్టింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ పరిమితి 100 డాలర్లు. కాబట్టి మీ కొరియర్ పరిమితి ఎంతో ముందే చదవండి, అంతకు మించిన సరుకుకు రిస్క్ కవర్ తీసుకోండి. జీఎస్టీ కడుతున్నవాళ్లు పోయిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టిన పన్నుకు పొందిన మినహాయింపును) వెనక్కి కట్టాలని కూడా మరవకండి.

మళ్లీ పంపాలని నిర్ణయించుకుంటే కొరియర్ మార్చండి, ఓటీపీ పెట్టండి. కొనుగోలుదారుకు ఇలా రాయండి: “మొదటి పార్సిల్, చివరి నాలుగు అంకెలు ఫలానా, ఇప్పుడు వస్తే తీసుకోకుండా తిప్పి పంపేయండి. తెరిస్తే మాత్రం నాకు చెప్పండి, వెనక్కి తెప్పించే ఖర్చు నాదే.” పంపే ముందే దీనికి ‘సరే’ అనిపించుకోండి.