నాదనీరాజనం వేదిక: కచేరీనా, పారాయణమా?

తిరుమల ఆలయానికి ఎదురుగా ఉన్న నాదనీరాజనం వేదిక నుంచి శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్‌లో సాయంత్రం పూట వచ్చే కచేరీలకు అలవాటుపడిన తిరుపతి ఇళ్లలో, 2020లో కరోనా రోజుల్లో అదే వేదికపై సుందరకాండ పారాయణం మొదలైనప్పుడు అభిప్రాయాలు రెండుగా చీలాయి.

కచేరీ కోరేవారి మాట తోసిపుచ్చదగినది కాదు. అన్నమయ్య కీర్తనను ఒక్కో గాయకుడు ఒక్కో తీరులో పాడటం, కొత్తవారికి స్వామి ముంగిట పాడే అవకాశం దొరకడం దాని బలం. పైగా వంటింట్లో పని చేసుకుంటూనే వినవచ్చు.

పారాయణానికి ఆ వెసులుబాటు లేదు. పండితులు పలికిన శ్లోకాన్ని ఇంట్లోవారూ పలకాలి, ఆపై అర్థం వినాలి. 68 సర్గల కాండ రోజుకు కొన్ని శ్లోకాల చొప్పున నెలల తరబడి సాగింది గనుక మధ్యలో చేరినవారికి తెగిన దారంలా తోచిందన్న ఫిర్యాదు నిజమే. అయినా తిరుపతి బైరాగిపట్టెడలో మా మేనత్త ఒడిలో పుస్తకం తెరుచుకుని, ఆగిన చోట తులసిదళం ఉంచి, మరునాడు అక్కడి నుంచే అందుకునేది. సంస్కృతం చదువుకోని ఆమెకు సంయుక్తాక్షరాలకు నాలుక తిరిగింది ఆ కార్యక్రమం వల్లనే.

అందుకే, చూసేవారి చేత పలికించే పారాయణం వైపే నేను మొగ్గుతాను. అయితే సంగీతానికి వేరే వేళ కేటాయించకుండా పారాయణాలను కొనసాగిస్తే మాత్రం కళాకారులకు అన్యాయం జరుగుతుంది.