కొబ్బరి తెల్లదోమకి ఏది మేలు: రసాయన మందా, ఇసారియా శిలీంధ్రమా, ఎన్కార్సియా కందిరీగా?

కొబ్బరి మట్ట కింద తెల్లటి చుట్టలు, మట్ట పైన నల్లటి మసి కనబడగానే కోనసీమ రైతు అడిగే మొదటి మాట "ఏ మందు కొట్టాలండీ?" అనే. ఆ మసి తెగులూ కాదు, పురుగూ కాదు. పై మట్టల అడుగున కూర్చుని రసం పీల్చే తెల్లదోమ తీపి జిగురు వదుల్తుంది. అది కింది ఆకుల మీద పడితే దాని మీద బూజు పెరుగుతుంది. చెట్ల కింద వేసిన కోకో, అరటి ఆకుల మీదా అదే పరుచుకుంటుంది. చూడ్డానికి తోట పోయినట్టే ఉంటుంది గానీ చెట్టు చావదు. కంగారుపడి చేతికందిన మందు కొట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఈ దోమ మనది కాదు. మధ్య అమెరికా వైపు పుట్టింది. మన దేశంలో 2016లో తమిళనాడు పొల్లాచ్చి, కేరళ పాలక్కాడ్ వైపు బయటపడి, తర్వాత గోదావరి జిల్లాలకీ చేరింది.

రసాయన మందు సంగతి ముందు తేల్చేద్దాం. ముప్పై, నలభై అడుగుల చెట్టుకి ఆకు అడుగు భాగం తడిసేలా పిచికారీ చెయ్యడమే కష్టం. పైగా పిల్లపురుగుల మీద మైనం పూత ఉంటుంది, మందు సరిగా అంటదు. అంటినచోట దోమతోపాటు దాన్ని తినేవీ చస్తాయి. కొన్నాళ్లకి దోమ తిరిగొస్తుంది, దాన్ని తినేవి మాత్రం అంత తొందరగా రావు. కొబ్బరి శాస్త్రవేత్తలు ఈ దోమకి రసాయనాలు వాడొద్దనేది అందుకే.

దోమని తినేవాటిలో ముఖ్యమైంది ఎన్కార్సియా గ్వాడలూపే. మిల్లీమీటరు కూడా లేని కందిరీగ జాతి పురుగు. తెల్లదోమ పిల్ల ఒంట్లో గుడ్డు పెడుతుంది, లోపల పుట్టిన పిల్ల దాన్ని తినేసి బయటికొస్తుంది. బొప్పాయి పిండినల్లి కోసం 2010లో బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటకాల సంస్థవాళ్లు ప్యూర్టోరికో నుంచి మిత్రపురుగుల్ని ప్రత్యేకంగా తెప్పించి వదలాల్సొచ్చింది. ఎన్కార్సియాకి ఆ శ్రమ కూడా లేదు. అంతకుముందొచ్చిన మరో తెల్లదోమతో పాటే మన దేశంలో దిగిపోయింది. పిలవకుండా వచ్చిన చుట్టాల్లో పనికొచ్చింది ఇదొక్కటేనేమో!

అది మీ తోటలో ఉందో లేదో చూడ్డానికి భూతద్దం చాలు. ఆకు అడుగున ఖాళీ గూళ్లు చూడండి. తెల్లదోమ బయటికెళ్తే గూడు టీ అక్షరంలా చీలుతుంది, ఎన్కార్సియా వెళ్తే గుండ్రటి చిల్లు పడుతుంది. గుండ్రటి చిల్లులు బాగా ఉంటే ఏమీ కొట్టకండి. అసలు లేకపోతే, ఉన్న తోట నుంచి ఆకు ముక్కలు తెచ్చి మీ చెట్ల ఆకులకి కట్టండి. ఖర్చు దాదాపు లేదు, ఓపిక కావాలి.

ఇసారియా ఫ్యూమోసోరోసియా దోమకి రోగం తెప్పించే శిలీంధ్రం. లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున ఆకు అడుగున పడేలా కొట్టాలి. దీనికి తేమ కావాలి, కాబట్టి సాయంత్రం పూటే కొట్టాలి. ఎర్రటి ఎండలో కొడితే డబ్బు దండగ. శిలీంధ్రనాశక మందులతో కలపకూడదు. చెట్టు ఎత్తు సమస్య దీనికీ ఉంది, కాబట్టి పొడవైన చెట్ల తోటకి పెద్ద స్ప్రేయరు, మనుషులు కావాలి. అయితే ఎన్కార్సియాకి దీనివల్ల పెద్దగా హాని ఉండదు.

ఎన్కార్సియా అంత మంచిదైతే ఇసారియా ఎందుకంటారా? 2018లో కేరళలో బోండార్ తెల్లదోమ అనే ఇంకోటి బయటపడింది. మైనంతో గూడు అల్లుకుని అందులో కూర్చునే చిన్న దోమ. ఎన్కార్సియా దాని జోలికి పోదు. ఆకు అడుగున చుట్టల బదులు ఈ మైనం గూళ్లు ఎక్కువగా కనిపిస్తే ఇసారియా మేలు.

నా లెక్కలో ఎదిగిన తోటకి ఎన్కార్సియాదే మొదటి స్థానం. అందని ఎత్తు లేని లేత మొక్కలకీ, నర్సరీకీ అయితే ముందు ఆకు అడుగున నీళ్లు గట్టిగా కొట్టి కడగడం, ఆ తర్వాత ఇసారియా. మసి బూజుకి ఒక శాతం గంజి నీళ్లు కొడితే ఆరాక పొరలా రాలిపోతుంది.

ఎన్కార్సియాకున్న అసలు ఇబ్బంది గట్టు. రసాయన మందు ఎవరి తోటలో వాళ్లు కొట్టుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. ఎన్కార్సియాకి గట్టు తెలీదు. కోనసీమలో తోటకీ తోటకీ మధ్య ఖాళీ ఉండదు కదా, మీరు ఆకులు కట్టి వదిలిన వారానికి పక్కాయన మందు కొడితే మీ శ్రమంతా ఆయన మందుకి బలి. అందుకని మందు మానడం ఒక్కరు చేసే పని కాదు, ఆ బోదె కాలువ పొడుగునా ఉన్నవాళ్లంతా ఒకేసారి ఒప్పుకోవాలి. ఆకుల పంపకం కూడా అలాగే, చిల్లులు ఎక్కువున్న తోట ఏదో ముందు చూసుకుని అక్కడి నుంచే పంచుకోవాలి. పిచికారీ కన్నా ఈ ఒప్పించే పనే కష్టమని నేను ఒప్పుకుంటాను.

ఈసారి కాయల దింపు రోజున చెట్టెక్కిన మనిషిని రెండు మూడు ఆకులు కూడా కోసుకు రమ్మనండి. పక్క తోటాయన్ని కూడా పిలిచి, భూతద్దం ముందు ఆయన చేతికివ్వండి.